భాష నేర్చుకునే పిల్లలకు మ్యూజియంలో వారానికి ఒక గంట ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తిరుపతి వాసిని. జెడ్పీ హైస్కూళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రాయింగ్ సారుగా పనిచేసి రిటైరయ్యాను. ఉత్తరం కాస్త పొడుగైంది, అయినా పూర్తిగా వేయమని కోరుతున్నాను, ఎందుకంటే నేను అడిగేది చాలా చిన్నదే కానీ ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఇంత చెప్పక తప్పడం లేదు. మన జిల్లాలోని మ్యూజియాల్లో వారానికి ఒక్క గంట, విదేశీ భాషలు నేర్చుకుంటున్న పిల్లలకు కేటాయించండి. ఆ గంటలో వాళ్లు విగ్రహాల ముందు, బొమ్మల ముందు కూర్చుని ఆ భాషలో నోరు విప్పి మాట్లాడుకోనివ్వండి. అంతే.

మా పాప నర్సింగ్ చదివింది. ఇక్కడే ఒక ఆసుపత్రిలో రెండేళ్లు చేసి, ఇప్పుడు జర్మనీ వెళ్లాలని జర్మన్ నేర్చుకుంటోంది. తనొక్కతే కాదు, తన బ్యాచ్‌లో సగం మంది అదే దారిలో ఉన్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 స్థాయి అడుగుతారు, దానికి ముందు ఎ1, ఎ2, బి1 అని మూడు మెట్లు ఎక్కాలి. డ్యూటీ అయ్యాక సాయంత్రం క్లాసు. ఒక గదిలో నలభై మంది, బోర్డు మీద పట్టికలు, డేర్ డీ డాస్, డెన్ డీ డాస్, డేమ్ డేర్ డేమ్, ఎక్కాలు చదివినట్టు అందరూ కలిసి చదవడం. ఇంటికొచ్చి రాత్రి పదకొండు దాకా అవే రాసుకునేది. బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు ఉంటాయి, మూడు పాసైంది, మాట్లాడటంలో పోయింది. "అన్నీ తెలుసు నాయనా, ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే నోరు పెగల్లేదు" అని ఏడ్చింది. ఆ పిల్ల సెలైన్ పెట్టేటప్పుడు చెయ్యి వణకదు, అలాంటిది మాట్లాడాలంటే టెన్షన్.

ఆ తర్వాతి ఆదివారం చంద్రగిరిలో మా చుట్టాలింట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక ఇంకా ఎండగా ఉంది, కాసేపు చల్లగా కూర్చుందామని ఇద్దరం కోటలోకి వెళ్లాం. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, కోటలోని రాజమహల్‌లో పురావస్తు శాఖ వాళ్ల మ్యూజియం ఉంది. మూడంతస్తుల కట్టడం, రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఎక్కడా కొయ్య దూలం వాడలేదు, అందుకే గోడలు అంత మందం, మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. రాతి విగ్రహాలు, లోహ విగ్రహాలు, మన చుట్టుపక్కల ఊళ్లలో దొరికినవి వరసగా పెట్టారు. జనం అట్లా నడుచుకుంటూ, ఒక ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు.

నేను ఒక విగ్రహం దగ్గర ఆగాను. డ్రాయింగ్ వాణ్ణి కాబట్టి ఆగితే అక్కడే ఉండిపోతాను. నాలుగు చేతుల స్వామి, ఒక చెయ్యి మోచేతి దగ్గర విరిగిపోయి ఉంది. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. "పాపా, ఇక్కడ ఏముందో నాకు జర్మన్‌లో చెప్పు, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, నువ్వు చూపిస్తూ చెప్పు" అన్నాను. మొదట సిగ్గుపడింది. తర్వాత మొదలుపెట్టింది. డేర్ కోప్ఫ్, తల. డాస్ ఆవుగె, కన్ను. డీ నాజె, ముక్కు. డేర్ ముంట్, నోరు. డాస్ ఓర్, చెవి. డీ హాంట్, చెయ్యి. డేర్ ఫూస్, పాదం. డాస్ క్నీ, మోకాలు. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ పుల్లింగమో స్త్రీలింగమో నపుంసకమో ఉంటుంది, దాన్ని బట్టే ముందు డేర్, డీ, డాస్ చేరతాయి, ఒకే ఒంటి మీద తల పుల్లింగం, చెయ్యి స్త్రీలింగం, కన్ను నపుంసకం. పట్టికలో అవి ఎంత చదివినా కలిసిపోయేవట. ఇక్కడ ఒక్కో చోట వేలు పెట్టి చూపిస్తూ చెబుతుంటే కలవలేదు. తర్వాత చేతులు నాలుగు, పై చేతిలో చక్రం, ఇంకో చేతిలో శంఖం, తల మీద కిరీటం, కాళ్ల కింద పద్మం, పక్కన ఇద్దరు దేవేరులు. మీద, కింద, పక్కన, వెనక, మధ్యన, ఈ మాటల తర్వాత జర్మన్‌లో డేర్ డీ డాస్ రూపం మారిపోతుంది, అదే పిల్లల ప్రాణం తీసే చోటు. ఒక్క విగ్రహం ముందు ఆ మాటలన్నీ అవసరమయ్యాయి. గడియారం చూస్తే నలభై నిమిషాలు. ఆ పిల్ల ఆపకుండా మాట్లాడింది, తప్పులు చేసిందేమో నాకు తెలియదు, కానీ మాట్లాడింది.

ఇందులో నన్ను కదిలించిన సంగతి ఇంకొకటి. ఆ విరిగిన చెయ్యి చూపించి "డేర్ ఆర్మ్ ఇస్ట్ గెబ్రొఖెన్" అంది. సోమవారం క్లాసులో మేడమ్‌ని అడిగితే, రోగికి ఎముక విరిగితే గెబ్రొఖెన్ అంటారు, కానీ విగ్రహం చెయ్యి విరిగి ఊడిపోయింది కదా, దాన్ని అప్‌గెబ్రొఖెన్ అనాలి అని చెప్పిందట. రేపు ఆసుపత్రిలో ఈ తేడా తెలియాలి కదా సార్. పుస్తకంలో అది ఏ పేజీలో ఉందో మా పాపకు గుర్తులేదు. రాతి మీద చూసింది కాబట్టి ఇక మర్చిపోదు. నర్సుకు మొట్టమొదట కావలసిన మాటలు ఒంటి మాటలే, తల, మెడ, భుజం, మోకాలు, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి నొప్పి. ఆ మాటలు నేర్చుకోవడానికి వెయ్యేళ్ల నాటి శిల్పుల చేతిపని కన్నా మంచి చార్టు ఎక్కడ దొరుకుతుంది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. బొమ్మ చూపించి భాష చెప్పడం చాలా పాత పద్ధతి. కొమీనియస్ అనే చెక్ ఉపాధ్యాయుడు లాటిన్ నేర్పడానికి బొమ్మల పుస్తకం చేసి 1658లో న్యూరెంబర్గ్‌లో అచ్చు వేయించాడు, బొమ్మలో ఒక్కో వస్తువుకూ ఒక అంకె, పక్కన అదే అంకెతో దాని పేరు. మన బళ్లలో అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని గోడకు పటం కట్టడం కూడా అదే. అంతెందుకు, తిరుపతి బస్టాండు ముందు ఆటో అన్నల్ని చూడండి, తెలుగు కాకుండా అరవం, కన్నడం, హిందీ మాట్లాడతారు, కొందరికి మరాఠీ కూడా వచ్చు. వాళ్లెవరూ పట్టికలు చదవలేదు. ఎదురుగా మనిషి ఉన్నాడు, చెయ్యి చూపించే వస్తువు ఉంది, మాట్లాడాల్సిన అవసరం ఉంది, భాష వచ్చింది. క్లాసు గదిలో ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. మ్యూజియంలో మూడూ కుదురుతాయి.

ఆ తర్వాత నేను దీని గురించి కొంచెం చదివాను. న్యూయార్క్‌లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం అని పెద్దది ఉంది. అక్కడ విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ పరిశోధకురాలు అబిగెయిల్ హౌసెన్ కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. చాలా తేలిక. పిల్లల్ని ఒక చిత్రం ముందు కూర్చోబెట్టి కాసేపు మాట్లాడకుండా చూడమంటారు. తర్వాత మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి? టీచరు తప్పు, ఒప్పు అనదు, పిల్లవాడు చెప్పింది చక్కగా మళ్లీ చెబుతుంది, అంతే. అమెరికాలో ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషు అలవాటు చేయడానికి కూడా దీన్ని వాడుతున్నారు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం కూడా ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్ల కోసం పాఠాలు తయారుచేసి పెట్టింది.

ఆ మూడు ప్రశ్నల్లో రెండోది చూడండి, ఏం చూసి అలా అంటున్నావు. నా దృష్టిలో భాష నేర్పేది ఆ ప్రశ్నే. "రాజు కోపంగా ఉన్నాడు" అని పిల్ల అంటుంది. ఏం చూసి అన్నావు? "కనుబొమలు ముడిపడ్డాయి, చెయ్యి కత్తి మీద ఉంది, పక్కనున్నవాళ్లు తల వంచుకున్నారు, అందుకే." ఆ 'అందుకే' దగ్గర వాక్యం పొడుగవుతుంది. పరీక్షలో అడిగేది కూడా అదే, నీ అభిప్రాయం చెప్పు, కారణం చెప్పు. పైగా బొమ్మ గురించి చెప్పేటప్పుడు ఒకటే సరైన జవాబు ఉండదు, అందుకని తప్పు అవుతుందేమో అనే భయం తగ్గుతుంది. మామూలుగా మనం బొమ్మను చూసే తీరు వేరు. న్యూయార్క్‌లోనే మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇద్దరు పరిశోధకులు జనం ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి 2001లో ప్రచురించారు, సగటున 27 సెకన్లు. అదీ ప్రపంచంలో పేరున్న చిత్రాల ముందు. నలభై నిమిషాలు నిలబడాలంటే ఏదో ఒక పని ఉండాలి, భాష ఆ పని ఇస్తుంది. అంటే లాభం రెండు వైపులా. పిల్లకు జర్మన్ వస్తుంది, ఆ విగ్రహాన్ని ఒకరు నిజంగా చూసినట్టూ అవుతుంది. డ్రాయింగ్ సారుగా నాకు రెండోది కూడా ముఖ్యమే.

ఇలా బొమ్మల ముందు భాష మాట్లాడుకునే మా గుంపులో ఇప్పుడు ఏడుగురు ఉన్నారు. అందులో ఒక అబ్బాయి శ్రీసిటీలో చేస్తున్నాడు. అక్కడ ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి కదా, జపనీస్ వస్తే పైకి వెళ్లొచ్చని నేర్చుకుంటున్నాడు. జపనీస్‌కు జేఎల్‌పీటీ అని పరీక్ష, ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు స్థాయిలు, అందులో మాట్లాడే పరీక్షే లేదు. కాబట్టి సర్టిఫికెట్ చేతికొచ్చినా నోట్లోంచి మాట రాని వాళ్లు చాలామంది. ఈ అబ్బాయి మొదటిరోజు ఒక బొమ్మ ముందు "కోకోని ఎ గ అరిమసు" అన్నాడు. కోకోని అంటే ఇక్కడ, ఎ అంటే బొమ్మ, గ మన విభక్తి లాంటిది, అరిమసు అంటే ఉంది. ఇక్కడ బొమ్మ ఉంది. మాటల వరస అచ్చం మన తెలుగే, క్రియ చివర్లో, విభక్తి మాట వెనక. ఇంగ్లీషు మీదుగా జపనీస్ నేర్చుకోవడం వల్ల ఆ అబ్బాయికి ఆ సంగతి అంతవరకు తట్టలేదు, తల్లకిందులుగా అనువాదం చేసుకుని చస్తున్నాడు.

అంతకన్నా మంచి సంగతి ఇంకొకటి జరిగింది. జపనీస్‌లో వస్తువు ఉంటే అరిమసు, మనిషో జంతువో ఉంటే ఇమసు. మరి విగ్రహానికి ఏమనాలి? రాయి కాబట్టి అరిమసు అని ఒకరు, స్వామి కాబట్టి ఇమసు అని ఇంకొకరు. మనమూ అంతే కదా, విగ్రహం ఉంది అంటాం, స్వామి ఉన్నాడు అంటాం, ఒకే రాయిని చూసి రెండు మాటలు. తిరుపతి వాళ్లకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల సెన్సేని, అంటే జపనీస్ టీచరుని అడిగితే, విగ్రహం అనుకుంటే అరిమసు, బొమ్మలో కనిపించే మనిషి గురించి చెబుతుంటే ఇమసు అంటామని చెప్పిందట. ఆ పూటంతా ఏడుగురూ దాని మీదే మాట్లాడుకున్నారు. ఏ క్లాసులో అయినా ఒక క్రియాపదం గురించి పిల్లలు రెండు గంటలు వాదించుకోవడం నేను చూడలేదు.

ఫ్రెంచ్ నేర్చుకునే వాళ్లకైతే మన శ్రీకాళహస్తి కన్నా మంచి బడి లేదు. ఈ మాట ఊరి అభిమానంతో అనడం లేదు. కలంకారీ బట్ట ముందు నిలబెట్టి మీ భాషలో దీన్ని ఏమంటారు అని అడిగితే చాలు, నాలుగు దేశాల చరిత్ర బయటికొస్తుంది. కలంకారీ అనే మాటే పారసీకం, కలం అంటే కలమే, కారీ అంటే పని. మన తీరం నుంచి ఓడల్లో వెళ్లిన రంగు బట్టల్ని ఫ్రెంచి వాళ్లు 'అందియెన్' అన్నారు, అంటే ఇండియా నుంచి వచ్చినది అని. ఇంగ్లీషు వాళ్లు చింట్జ్ అన్నారు, డచ్చి వాళ్లు సిట్స్ అన్నారు, రెండూ హిందీ ఛీంట్ నుంచి పోయినవే, మా అమ్మమ్మ చీటిగుడ్డ అనేది, అదీ ఇదే. ఈ బట్టలకు ఫ్రాన్సులో ఎంత మోజు పుట్టిందంటే, తమ నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని 1686లో రాజు వీటిని నిషేధించాడు, 1759 దాకా ఆ నిషేధం ఉంది. ఇవాళ ఫ్రాన్సులో ములూజ్ అనే ఊళ్లో అచ్చు బట్టల కోసమే ఒక మ్యూజియం ఉంది, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన తీరపు చీటిగుడ్డలు బోలెడు ఉన్నాయి.

ఇంకా విచిత్రం, ఈ పని ఎలా చేస్తారో ఫ్రెంచిలో మొదట వివరంగా రాసిన వాళ్లలో ఒకడు తెలుగు వచ్చినవాడు. కేర్దూ అనే జెస్యూట్ పాదిరీ, మన ప్రాంతాల్లో ఉండి తెలుగు నేర్చుకుని తెలుగు, ఫ్రెంచ్, సంస్కృత నిఘంటువు కూర్చాడు, సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని అందరికన్నా ముందు గమనించిన కొద్దిమందిలో ఆయన ఒకడు. 1742లో తన దేశానికి రాసిన ఉత్తరంలో ఇక్కడి బట్టల అద్దకం పని మొత్తం అంచెలంచెలుగా వివరించాడు. భాష నేర్చుకోవడం, చేతిపని చూడటం ఆయనకు రెండు వేరు పనులు కావు. రంగు పేరు తెలియాలంటే అద్దకం వాణ్ణి అడగాలి, అడగాలంటే అతని భాష రావాలి, రెండొందల ఎనభై ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి మనిషి మనవాళ్ల పక్కన కూర్చుని చేసిన పనిని ఇవాళ మన పిల్లలు తిరగేసి చేస్తే చాలు.

శ్రీకాళహస్తిలో పని చేసే చోటికి వెళ్లి చూడండి. ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తర్వాత వెదురు పుల్లకు గుడ్డ చుట్టి చేసిన కలంతో గీతలు గీస్తారు. నల్లరంగు ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో నానబెట్టి చేసుకున్నది. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు రాస్తారు. తర్వాత ఉతుకుతారు, ఉడకబెడతారు, ఆరేస్తారు, మళ్లీ ఉతుకుతారు. ముందు, తర్వాత, ఆ పైన, చివరికి. ఏ భాష పాఠ్యపుస్తకంలో అయినా ఈ మాటలకు ఒక పాఠం ఉంటుంది, సాధారణంగా గుడ్డు ఎలా ఉడకబెట్టాలి అని ఉంటుంది. మన పిల్లలకు ఈ పాఠం స్వర్ణముఖి ఒడ్డున కళ్లముందే ఉంది. కలంకారీ నేర్పే కేంద్రం 1957లో అక్కడ పెట్టారు, ఆ కళలో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది, అక్కడికి విదేశీయులు వస్తూనే ఉంటారు, వాళ్లతో మాట్లాడటానికి మాత్రం మనకు మధ్యవర్తి కావాలి. పెద్ద కలంకారీ తెరల్లో రామాయణం గళ్లు గళ్లుగా ఉంటుంది, ప్రతి గడి పక్కనా తెలుగులో ఒక పంక్తి రాసి ఉంటుంది. కథ మనకు ముందే తెలుసు. ఇక వెతుక్కోవాల్సింది మాటలే. కొత్త భాషలో కొత్త కథ చెప్పమంటే పిల్ల రెండు బరువులు మోయాలి, తెలిసిన కథ చెప్పమంటే ఒక్క బరువే. సీతను ఎత్తుకుపోతున్న గడి చూపించి ఇక్కడ ఏం జరుగుతోంది అని జర్మన్‌లో అడిగితే, మా పాప జటాయువుకు మాట దొరక్క 'పెద్ద ముసలి పక్షి' అని చెప్పి కథ నడిపించేసింది. మాట తెలియకపోతే చుట్టూ తిరిగి చెప్పడం, అదే కదా భాష రావడం అంటే.

ఇక బాధ కలిగించిన సంగతి. ఊరూ పేరూ రాయను, మన రాష్ట్రంలోనే ఒక మ్యూజియంకి మేం ఐదుగురం టికెట్లు కొనుక్కుని వెళ్లాం. ఒక విగ్రహం ముందు పది నిమిషాలు నిలబడి నెమ్మదిగా మాట్లాడుకుంటుంటే కాపలా ఆయన వచ్చి, ఇక్కడ గుమిగూడకూడదు, చూసేసి కదలండి అన్నాడు. భాష నేర్చుకుంటున్నామని చెబితే, దానికి కాలేజీలు ఉన్నాయి కదా, ఇక్కడేం పని అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన పై అధికారులు చెప్పిన ప్రకారం నడుచుకున్నాడు. కానీ పిల్లలు బయటికి వచ్చేశారు, ఒక అమ్మాయి ఆ తర్వాత రావడమే మానేసింది. మ్యూజియం అంటే కదలకుండా చూసేచోటు కావాలి కానీ కదలండి అనేచోటు ఎలా అవుతుంది? కూర్చోవడానికి ఒక బల్ల ఉండదు. లేబుల్ మీద దేవుడి పేరు, శతాబ్దం, దొరికిన ఊరు, అంతకు మించి ఉండదు. ఇవి చూసి జనం ఇరవై సెకన్లలో వెళ్లిపోతున్నారంటే తప్పు జనానిదా?

అందుకే అడుగుతున్నాను. రద్దీ లేని ఒక రోజు, ఉదయం తెరిచిన మొదటి గంట. పది పన్నెండు మంది, ముందుగా పేర్లు రాయించుకుని. వెంట ఒక టీచరు. ఎవరూ దేన్నీ ముట్టుకోరు. మడత స్టూళ్లు ఒక పది. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో విగ్రహానికి ఆ భాషలో రెండు వాక్యాల లేబుల్ రాయాలి, బాగున్నవి మ్యూజియం వాళ్లు తెలుగు, ఇంగ్లీషు పక్కన పెట్టుకోవచ్చు, జర్మనీ నుంచో జపాన్ నుంచో వచ్చినవాళ్లు చదువుకుంటారు. ఇంకో మాట, తిరుపతిలో టీటీడీ వాళ్ల శిల్ప కళాశాల ఉంది, రాతి పని, లోహం పని, కలంకారీ అన్నీ నేర్పుతారు. అక్కడి పిల్లలు విగ్రహం గురించి చెబితే మన పిల్లలు దాన్ని వేరే భాషలోకి మార్చి చెబుతారు. పాతకాలంలో దీన్నే దుబాసీ పని అనేవాళ్లు. చంద్రగిరి రాయల ఏలుబడిలోని తీరంలోనే 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది, ఆ తర్వాత ఎంతమంది తెలుగువాళ్లు దుబాసీలుగా బతికారో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. ఆ పని ఈ నేలకు కొత్తకాదు.

ఈ సంగతి చెబితే ఒక పెద్దాయన, దేవుడి విగ్రహాల ముందు జర్మన్ ఏంటండీ, అపచారం కాదా అన్నారు. నాకు ఆయన మీద గౌరవమే, అయినా ఒప్పుకోలేకపోయాను. తిరుమల గుడి గోడల మీద శాసనాలు చూడండి, ఎక్కువ భాగం తమిళం, తెలుగు ఉంది, కన్నడం ఉంది, సంస్కృతం ఉంది. ఎవరి భాషలో వాళ్లు చెక్కించుకున్నారు, స్వామి ఎవరినీ వద్దనలేదు. క్యూలో నిలబడి చెవి పెట్టి వినండి, ఎన్ని భాషల్లో గోవిందా అంటున్నారో. ఇంకొకరు, బొమ్మలు చూస్తే వ్యాకరణం వస్తుందా అన్నారు. రాదు. వ్యాకరణానికి క్లాసు కావాలి, పట్టికలూ కావాలి, మా పాప ఇప్పటికీ రోజూ రాసుకుంటుంది. కానీ క్లాసులో నేర్చుకున్నది నోటికి రావడానికి ఒక చోటు కావాలి, ఆ చోటు గురించే నేను మాట్లాడుతున్నది. వారానికి ఒక గంట సరిపోతుందా అంటే, మొదలు పెడితే సరిపోతుందో లేదో తెలుస్తుంది.

మ్యూజియం దగ్గర లేని పిల్లల కోసం ఒక ముక్క. పలమనేరులోనో కుప్పంలోనో ఉన్నవాళ్లు ఫోన్లోనే మొదలుపెట్టొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ చిత్రాలను ఉచితంగా చూసుకోవడానికి, దించుకోవడానికి పెట్టాయి, బ్రష్ గీత కూడా కనిపించేంత పెద్దగా. డచ్చి చిత్రకారుల ఇళ్ల బొమ్మలు భాషకు చాలా మంచివి, కిటికీ, కుర్చీ, పాలకూజా, చీపురు, ఉత్తరం చదువుతున్న ఆడమనిషి, ఇంట్లో వాడే మాటలన్నీ ఉంటాయి. స్క్రీన్ మీద రెండు వేళ్లతో పెద్దది చేసి, ఇది ఏమిటి, ఇది ఎక్కడ ఉంది అని ఒకరినొకరు అడగండి. అయితే ఫోన్ బొమ్మకూ అసలు విగ్రహానికీ తేడా ఉంది, విగ్రహం చుట్టూ తిరగొచ్చు, వెనక్కి వెళ్లి చూడొచ్చు, జడ ఎలా చెక్కారో కనిపిస్తుంది, వెనక అనే మాట అక్కడ నిజంగా వెనకే ఉంటుంది.

మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం. ఆ రోజు మనవాళ్లు ఏదో ఒక కార్యక్రమం పెడతారు, ఉపన్యాసం, క్విజ్, వ్యాసరచన. ఈసారి ఆ రోజున ఈ గంట మొదలు పెట్టమని పురావస్తు శాఖ అధికారులను, టీటీడీ మ్యూజియం బాధ్యులను, నర్సింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా పాప వచ్చే నెల మాట్లాడే పరీక్ష మళ్లీ రాస్తుంది. ప్రస్తుతం ఆదివారాలు మా ఏడుగురం లోపల ఒకసారి చూసి వచ్చి, బయట చెట్టు కింద కూర్చుని గుర్తున్నది చెప్పుకుంటున్నాం, నేను కాగితం మీద విగ్రహం గీస్తాను, పిల్లలు చూపిస్తూ మాట్లాడతారు. గీతలో చెయ్యి ఎటు వంగిందో వాళ్లకు అనుమానం వస్తే మళ్లీ లోపలికి పరిగెత్తి చూసి వస్తున్నారు. లోపలే కూర్చోనిస్తే ఆ పరుగు ఉండదు. స్టూళ్లు కొనడానికి డబ్బు లేదంటే పది మడత స్టూళ్లు నేను తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సార్,
తిరుపతి.